ఆ పిల్లవాడెవరని అడగని ఊరు

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం నడిబొడ్డున, అప్పలేచియన్ కొండల మధ్య, స్టేట్ కాలేజ్ అనే ఊరుంది. అక్కడ విశ్వవిద్యాలయమే ఊరు. పెన్ స్టేట్ అని అందరూ పిలిచే ఆ విద్యాలయానికి లక్షమందికి పైగా పట్టే ఫుట్‌బాల్ మైదానం ఉంది. శరదృతువులో శనివారం వచ్చిందంటే చుట్టుపక్కల కౌంటీల నుంచి జనం నీలం, తెలుపు దుస్తుల్లో తిరనాళ్ళకు వచ్చినట్టు తరలివస్తారు. తమ లోయకు అక్కడివాళ్ళు హ్యాపీ వ్యాలీ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. ఆ లోయలో 1977లో ఒక సేవాసంస్థ పుట్టింది. ముప్పై నాలుగేళ్ళు పేరుప్రతిష్ఠలతో వెలిగింది. వారం రోజుల్లో కూలింది. దాని పేరు ది సెకండ్ మైల్. ఇది దాని కథ. అంతకన్నా ముందు, దాన్ని నమ్మి వచ్చిన పిల్లల కథ.

స్థాపకుడు జెర్రీ శాండస్కీ. పశ్చిమ పెన్సిల్వేనియాలోని వాషింగ్టన్ అనే పట్టణంలో అతని తల్లిదండ్రులు పిల్లల కోసం ఒక ఆటల కేంద్రం నడిపేవారు. ఆ పిల్లల మధ్యే అతనూ పెరిగాడు. పెన్ స్టేట్ జట్టులో ఆడి, 1969లో అక్కడే కోచ్‌గా చేరాడు. 1977లో డిఫెన్స్ విభాగానికి సారథి అయ్యాడు. 1982లోనూ 1986లోనూ జట్టు జాతీయ విజేత అయినప్పుడు ప్రధాన కోచ్ జో పాటెర్నో తర్వాత జనం తలుచుకున్న పేరు అతనిదే. భార్యతో కలిసి ఆరుగురు పిల్లల్ని దత్తత తీసుకున్నాడు. ఇంకా ఎందరికో ఇంట్లో ఆశ్రయమిచ్చాడు. ఆ ప్రాంతంలో అతన్ని మెచ్చుకోని ఇల్లు లేదు.

సెకండ్ మైల్ మొదట కష్టాల్లో ఉన్న కొద్దిమంది పిల్లలకు నీడనిచ్చే ఇల్లుగా మొదలైంది. ఒక మైలు నడవమని బలవంతపెడితే రెండు మైళ్ళు నడవమన్న బైబిల్ మాట నుంచి ఆ పేరు పెట్టుకున్నారు. క్రమంగా రాష్ట్రమంతా విస్తరించింది. వేసవి శిబిరాలు వచ్చాయి. బడి పిల్లలకు కాలేజీ విద్యార్థులు అన్నల్లా, అక్కల్లా తోడుండే పథకం వచ్చింది. ఆటగాళ్ళ బొమ్మలతో, మంచిమాటలతో అచ్చువేసిన కార్డులు బళ్ళకు వెళ్ళాయి. ఏటా లక్షమంది పిల్లల్ని చేరుతున్నామని సంస్థ చెప్పుకునేది. 1990లో అధ్యక్షుడు జార్జ్ బుష్ దేశంలోని ఆదర్శ సేవాసంస్థల్లో ఒకటిగా దాన్ని గుర్తించాడు. వ్యాపారులు, మాజీ ఆటగాళ్ళు, విశ్వవిద్యాలయం పూర్వవిద్యార్థులు బోర్డులో కూర్చున్నారు. విందులు, గోల్ఫ్ పోటీలు పెట్టి విరాళాలు పోగుచేశారు.

ఆ సంస్థలో పనిచేసినవాళ్ళలో అత్యధికులు మనసా వాచా పిల్లల మేలు కోరినవాళ్ళే. సెలవులు మానుకుని శిబిరాల్లో పనిచేసిన కాలేజీ కుర్రాళ్ళున్నారు. జీతం తక్కువైనా పని వదలని ఉద్యోగులున్నారు. ఆ శిబిరాల నుంచి ధైర్యం తెచ్చుకుని, చదువుకుని, బాగుపడిన పిల్లలూ ఉన్నారు. ఈ కథలోని దుఃఖానికి అసలు లోతు అక్కడుంది. దొంగ సంస్థ కూలితే ఎవరూ ఏడవరు.

శిబిరాలకు వచ్చిన పిల్లలు ఎలాంటివాళ్ళో చూడాలి. తండ్రి లేనివాళ్ళు, ఉన్నా ఇంటికి రానివాళ్ళు. తల్లి ఒక్కతే రెండు ఉద్యోగాలు చేస్తూ పెంచుతున్నవాళ్ళు. బడిలో వెనకబడినవాళ్ళు. బళ్ళలోని కౌన్సెలర్లే ఈ పిల్లాడికి ఒక పెద్దదిక్కు ఉంటే బాగుండునని అక్కడికి పంపేవాళ్ళు. అలాంటి పదేళ్ళ కుర్రాడి ముందుకు రాష్ట్రమంతా కొలిచే కోచ్ వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, శనివారం ఆటకు తీసుకెళ్తానంటే ఆ తల్లి ఎంత సంతోషపడి ఉంటుంది! బిడ్డకు మంచిరోజులొచ్చాయనుకుంటుంది. కాదనడానికి ఆమెకు కారణమేముంది?

తర్వాత కోర్టులో బాధితులు చెప్పిన కథలన్నీ ఇంచుమించు ఒకే దారిలో నడుస్తాయి. శిబిరంలో పరిచయం. మైదానం అంచున నిలబడి ఆట చూసే అదృష్టం. ఆటగాళ్ళ లాకర్ రూములోకి ప్రవేశం. బూట్లు, జెర్సీలు, గోల్ఫ్ కర్రలు. వేరే రాష్ట్రంలో జరిగే పెద్ద ఆటకు జట్టుతో ప్రయాణం. వారాంతాల్లో అతని ఇంట్లో, కింది అంతస్తులోని గదిలో పడక. ఒక కుర్రాడికైతే ఇలా ఆడి ఇలా చదివితే ఇంత డబ్బని రాసిచ్చిన ఒప్పంద పత్రం కూడా ఉంది. చేతికొచ్చిన ప్రతి కానుకా కుర్రాడి నోటికి ఇంకో ముడి వేసింది. ఇదంతా చాటుమాటుగా జరగలేదు. పిల్లల్ని వెంటేసుకుని తిరిగే జెర్రీని ఊరంతా చూసింది, చూసి మురిసిపోయింది. తలుపు మూసిన తర్వాత జరిగింది మాత్రం ఆ పిల్లలకే తెలుసు. కోచ్‌గారి మీద నువ్వు చెబితే ఎవరు నమ్ముతారన్న భయం వాళ్ళను ఏళ్ళ తరబడి మూగవాళ్ళను చేసింది.

మొదటి హెచ్చరిక 1998 మే నెలలో వచ్చింది. ఒక తల్లి తన పదకొండేళ్ళ కొడుకు తడిజుట్టుతో ఇంటికి రావడం చూసింది. ఏమిటని అడిగింది. వ్యాయామం తర్వాత కోచ్‌తో కలిసి స్నానం చేశానన్నాడు. చాలామంది తల్లులు అక్కడితో సర్దిచెప్పుకునేవాళ్ళేమో. ఆమె సర్దిచెప్పుకోలేదు. మర్నాడే పిల్లవాణ్ణి చూసే మనస్తత్వ నిపుణురాలికి చెప్పింది, విశ్వవిద్యాలయం పోలీసులకు చెప్పింది. ఆమె ఇంట్లోనే పక్కగదిలో డిటెక్టివులు దాక్కుని, ఆమె నిలదీస్తుంటే శాండస్కీ ఏం చెబుతాడో విన్నారు. తాను చేసింది తప్పేననీ, క్షమాపణ దొరికితే బాగుండుననీ, ఆమె తనను క్షమించదని తెలుసనీ, చచ్చిపోతే బాగుండుననీ అతను అన్నాడు. పిల్లల్ని మచ్చిక చేసుకుని లొంగదీసుకునేవాళ్ళ తీరు ఇక్కడ కనిపిస్తోందని ఆ నిపుణురాలు రాసిచ్చింది. మరో కౌన్సెలర్ అలాంటిదేమీ లేదన్నాడు. జిల్లా అటార్నీ రే గ్రీకార్ కేసు పెట్టలేదు. ఫైలు మూసేశారు. కన్నతల్లి గుర్తించిన ప్రమాదాన్ని వ్యవస్థ గుర్తించలేదు.

మరుసటి ఏడాది శాండస్కీ కోచ్ పదవి నుంచి రిటైరయ్యాడు. గౌరవ హోదా దక్కింది. జట్టు భవనం తాళాలు అతని దగ్గరే ఉండిపోయాయి. ఇప్పుడు పూర్తికాలం సెకండ్ మైల్‌కే ఇస్తానన్నాడు. ఊరు చప్పట్లు కొట్టింది.

2000లో అదే భవనంలో రాత్రిపూట ఊడ్చి తుడిచే పనివాడొకడు షవర్ గదిలో చూడరానిది చూశాడు. వణికిపోతూ తోటివాళ్ళకు చెప్పాడు. వాళ్ళు తమలో తాము మాట్లాడుకున్నారు. చెబితే ఉద్యోగాలు పోతాయనుకున్నారు. ఇక్కడ ఫుట్‌బాల్ మీద ఫిర్యాదు చేయడమంటే దేశాధ్యక్షుడి మీద చేయడం లాంటిదేనని ఒక పనివాడు తర్వాత దర్యాప్తు సంఘానికి చెప్పాడు. నెలజీతం మీద బతికేవాళ్ళ భయం అర్థం చేసుకోదగ్గది. పైనున్నవాళ్ళకు ఆ భయం లేదు. వాళ్ళు ఏం చేశారో ఆ మరుసటి ఏడాది తేలింది.

2001 ఫిబ్రవరి 9, శుక్రవారం రాత్రి. జట్టులో ఒకప్పుడు క్వార్టర్‌బ్యాక్‌గా ఆడి, అప్పుడు సహాయకుడిగా ఉన్న మైక్ మెక్‌క్వియరీ లాకర్ రూములోకి వచ్చాడు. షవర్ల దగ్గర శాండస్కీ, అతనితో సుమారు పదేళ్ళ పిల్లవాడు కనిపించారు. అక్కడ జరుగుతున్నది లైంగికమైనదని తనకు అనుమానమే లేదని అతను తర్వాత సాక్ష్యం చెప్పాడు. ఆ రాత్రి తండ్రికి ఫోన్ చేశాడు. తండ్రి, కుటుంబ మిత్రుడైన ఒక డాక్టరు, ముగ్గురూ ఆలోచించారు. పొద్దున్నే కోచ్‌కు చెప్పమన్నారు. శనివారం ఉదయం అతను పాటెర్నో ఇంటికి వెళ్ళి చెప్పాడు. పాటెర్నో ఆదివారం క్రీడావిభాగం డైరెక్టర్ టిమ్ కర్లీకి, విశ్వవిద్యాలయ పోలీసు విభాగాన్ని పర్యవేక్షించే ఉపాధ్యక్షుడు గ్యారీ షుల్ట్జ్‌కు చెప్పాడు. వాళ్ళు అధ్యక్షుడు గ్రాహమ్ స్పానియర్‌కు చెప్పారు. చూసినవాడు రోజులో చెప్పాడు. విన్నవాడు మర్నాడు చెప్పాడు. ఎవరికి వాళ్ళు పైవాడికి చెప్పి తమ బాధ్యత తీరిందనుకున్నారు. మాట పైకి ఎక్కేకొద్దీ పలచబడింది.

పైన కూర్చున్న ముగ్గురూ మొదట సరైన ఆలోచనే చేశారు. శాండస్కీతో మాట్లాడాలి, సెకండ్ మైల్‌కు చెప్పాలి, రాష్ట్ర సంక్షేమ శాఖకు తెలపాలి. ఆ మూడోది జరిగి ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన అవసరం ఉండేది కాదు. కొన్నాళ్ళకు కర్లీ మనసు మారింది. ముందు శాండస్కీతోనే మాట్లాడి, సహాయం తీసుకోమని చెబుదామన్నాడు. మిగతా ఇద్దరూ ఒప్పుకున్నారు. అది మానవీయమైన మార్గమని ఈమెయిళ్ళలో రాసుకున్నారు. అతను మాట వినకపోతే రిపోర్టు చేయనందుకు తాము ఇరుక్కుంటామన్న ఒక్క చింతా స్పానియర్ రాతలో కనిపిస్తుంది. మానవత్వం ఎవరి పట్ల? వాళ్ళ దయ అంతా పరిచయమున్న మనిషికే చెందింది. పరిచయం లేని పిల్లవాడికి పిసరంత కూడా మిగల్లేదు.

ఆ ఈమెయిళ్ళలో, ఆ సమావేశాల్లో, ఆ ఫోన్లలో ఒక్క ప్రశ్న ఎక్కడా లేదు. ఆ పిల్లవాడెవరు? ఏ ఊరివాడు? ఆ రాత్రి ఎవరితో ఇంటికెళ్ళాడు? ఇప్పుడెలా ఉన్నాడు? అతన్ని వెతకడానికి ఎవరూ ఒక్క అడుగు వేయలేదు. పదకొండేళ్ళ తర్వాత విచారణలో కూడా అతను సాక్షిగా రాలేదు. కోర్టు కాగితాల్లో అతను రెండో నంబరు బాధితుడు. ఊరికి మర్యాదస్తులైన పెద్దలంతా కలిసి, పదేళ్ళ బిడ్డను ఒక అంకెగా మిగిల్చారు.

మార్చిలో కర్లీ వెళ్ళి సెకండ్ మైల్ అధిపతి జాక్ రేకోవిట్జ్‌ను కలిశాడు. రేకోవిట్జ్ మనస్తత్వ శాస్త్రం చదివినవాడు. అప్పటికి విషయం పూర్తిగా నీరుగారిపోయింది. షవర్ గదిలో జెర్రీని, పిల్లవాణ్ణి చూసి ఒకరు ఇబ్బందిపడ్డారట, విచారిస్తే తప్పేమీ కనబడలేదు, ఇకమీదట క్యాంపస్‌కు పిల్లల్ని తేవద్దన్నామని అతనికి అందిన కబురు. అతను బోర్డులో ఒకరిద్దరితో మాట్లాడాడు. పట్టించుకోవలసిన సంగతి కాదనుకున్నారు. ఇకపై పిల్లలతో షవర్‌లోకి వెళ్ళినప్పుడు ఈతదుస్తులు వేసుకోమని శాండస్కీకి సలహా ఇచ్చినట్టు కోర్టులో చెప్పారు. రేకోవిట్జ్ మీద ఎప్పుడూ కేసు పెట్టలేదు. అయినా పిల్లల కోసమే పుట్టిన సంస్థ ఆ రోజు పడిపోయింది. మిగిలిన పదేళ్ళూ కూలిన సంగతి తెలియక నిలబడిన గోడలు మాత్రమే.

ఆ రోజు సంస్థ చేతిలో ఏముందో గుర్తుచేసుకోవాలి. శిబిరాల జాబితాలున్నాయి. శాండస్కీ వెంట తిరిగే పిల్లలు ఎవరో తెలుసుకోవడం గంట పని. ఆ తల్లులకు ఫోన్ చేయవచ్చు. ఆ కుర్రాళ్ళతో నేర్పున్న మనిషి చేత మాట్లాడించవచ్చు. రాష్ట్ర సంక్షేమ శాఖకు ఒక్క ఫోన్ చేయవచ్చు. స్థాపకుణ్ణి ఆ క్షణమే పిల్లలకు దూరంగా ఉంచవచ్చు. ఇవేవీ చేయలేదు. క్యాంపస్‌లోకి పిల్లల్ని తేవద్దన్న మాటకు అర్థమేమిటి? ఇంకెక్కడికైనా తీసుకెళ్ళు అనే కదా.

సుమారు ఆరు నెలలకే, 2001 ఆగస్టులో, అదే భవనంలో అదే షవర్ గదిలో మరో పిల్లవాడు బలయ్యాడు. అతను పెద్దవాడై కోర్టులో నిలబడి చెప్పాడు. ఆ తర్వాతి ఏళ్ళలో ఇంకొందరు. ఫిబ్రవరిలో ఒక్క ఫోన్ చేసి ఉంటే వీళ్ళ బాల్యం వీళ్ళకు దక్కేది. ఈ కథలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కుంగదీసేవి ఆ ఆరు నెలలే.

2008 నవంబరులో మళ్ళీ ఒక తల్లే తలుపు తట్టింది. ఆమె కొడుకు చిన్నప్పుడు సెకండ్ మైల్ శిబిరంలో చేరి అక్కడ శాండస్కీకి పరిచయమైనవాడు. శాండస్కీ ఆ పిల్లవాడు చదివే హైస్కూల్లో స్వచ్ఛంద కోచ్‌గా వచ్చేవాడు, క్లాసులోంచి పిల్లవాణ్ణి పిలిపించేవాడు. కుర్రాడు నోరు విప్పగానే తల్లి బడికి పరుగెత్తింది. జెర్రీది బంగారంలాంటి మనసు, ఇంటికెళ్ళి ఆలోచించుకోండని అక్కడ తనతో అన్నారని ఆమె తర్వాత చెప్పింది. ఆమె ఆలోచించుకోవడానికి వెళ్ళలేదు. కొడుకును వెంటబెట్టుకుని నేరుగా పిల్లల సంక్షేమ కార్యాలయానికి వెళ్ళింది. పదేళ్ళ తేడాతో ఇద్దరు తల్లులు. పదవి లేదు, పలుకుబడి లేదు. ఊళ్ళో పెద్దలెవరూ చేయనిది వాళ్ళిద్దరూ చేశారు.

తన మీద విచారణ మొదలైందని శాండస్కీయే సెకండ్ మైల్‌కు చెప్పాడు. అప్పుడు సంస్థ అతన్ని పిల్లల కార్యక్రమాల నుంచి తప్పించింది. ఈ పనైనా చేసినందుకు సంతోషించాలి. కానీ బయటికి ఆ సంగతి చెప్పలేదు. 2010లో అతను సంస్థ నుంచి విరమించుకున్నప్పుడు కుటుంబానికి, సొంత పనులకు సమయం కావాలన్నదే కారణంగా లోకానికి తెలిసింది. అదే సమయంలో కొత్త శిక్షణ కేంద్రం కట్టాలని పథకాలు సాగుతున్నాయి, దానికి రాష్ట్ర ప్రభుత్వ నిధులూ మంజూరయ్యాయి.

గ్రాండ్ జ్యూరీ విచారణ 2009లో మొదలై నెమ్మదిగా నడిచింది. 2011 మార్చి 31న హారిస్‌బర్గ్ పత్రిక పేట్రియట్ న్యూస్‌లో సారా గానిమ్ అనే యువ విలేఖరి ఆ సంగతి బయటపెట్టింది. ఊరిలో చాలామంది నమ్మలేదు. పత్రికనే తిట్టారు. మరుసటి ఏడాది ఆమెకు పులిట్జర్ బహుమతి వచ్చింది. దర్యాప్తు అధికారులు శాండస్కీ ఇల్లు సోదా చేశారు. సెకండ్ మైల్ శిబిరాల పాత జాబితాలు దొరికాయి. వాటిలో కొందరు పిల్లల పేర్ల పక్కన చేత్తో పెట్టిన నక్షత్రపు గుర్తులున్నాయని ఒక అధికారి కోర్టులో చెప్పాడు. పిల్లల మేలు కోసం సంస్థ తయారుచేసిన జాబితా అది. ఏ పిల్లవాడికి తండ్రి లేడో, ఎవరి ఇంట అడిగేవాళ్ళు లేరో సంస్థ శ్రద్ధగా కనుక్కుని ఒకచోట చేర్చింది. ఆ శ్రద్ధే అతనికి దారి చూపింది.

2011 నవంబరు 5న శాండస్కీని అరెస్టు చేశారు. 9వ తేదీ రాత్రి విశ్వవిద్యాలయం బోర్డు పాటెర్నోను తొలగించింది. స్పానియర్ కూడా పదవి వదిలాడు. నలభై ఆరేళ్ళు ప్రధాన కోచ్‌గా ఉన్న మనిషి కోసం వేలాది విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. ఒక టీవీ వ్యాను పడదోశారు. ఆ అరుపులు ఆ చుట్టుపక్కలే ఉన్న బాధితుల చెవిన పడి ఉంటాయి. రెండు రోజులకు అదే క్యాంపస్‌లో వేలమంది కొవ్వొత్తులు వెలిగించి ఆ పిల్లల కోసం నిలబడ్డారు. ఆ ఊరికి మనసు లేదని అనడానికి లేదు. ఆలస్యంగా కరిగింది.

అదే నెలలో రేకోవిట్జ్ రాజీనామా చేశాడు. దాతలు ముఖం చాటేశారు. రాష్ట్ర నిధులు ఆగిపోయాయి. కార్యక్రమాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి, ఉద్యోగులు ఇళ్ళకు వెళ్ళారు. 2012లో మిగిలిన పథకాలను టెక్సస్‌లోని మరో సంస్థకు అప్పగించాలని చూశారు. బాధితుల దావాలు తేలకుండా ఆస్తులు కదలకూడదన్న అభ్యంతరాలతో అది ఆగింది. చివరికి 2016లో కోర్టు అనుమతితో ది సెకండ్ మైల్ రద్దయింది. ఆ పతనంలో నిజంగా నష్టపోయింది ఎవరు? తర్వాతి వేసవిలో శిబిరం కోసం ఎదురుచూసిన పిల్లలు. తోడుగా వచ్చే కాలేజీ అన్న రాకపోతే ఎందుకు రాలేదో అర్థంకాని ఎనిమిదేళ్ళ వాళ్ళు. సంస్థ పేరు కాపాడాలనుకున్నవాళ్ళు ఆ పేరునే కాదు, సంస్థ చేసే మంచిని కూడా మట్టిలో కలిపారు.

2012 జూన్‌లో బెల్‌ఫాంట్ పట్టణంలోని పాత న్యాయస్థానంలో విచారణ జరిగింది. ఎనిమిది మంది యువకులు ఒకరి తర్వాత ఒకరు సాక్షి బోనులోకి వచ్చారు. అప్పటికి వాళ్ళు పద్దెనిమిది నుంచి ఇరవై ఎనిమిదేళ్ళ వాళ్ళు. ఎవరికీ చెప్పుకోనివి, కన్నతల్లికి కూడా చెప్పనివి, అపరిచితులు నిండిన గదిలో చెప్పారు. నువ్వు డబ్బు కోసం చెబుతున్నావు కదా అన్న ప్రశ్నలు ఎదుర్కొన్నారు. కొందరు ఏడ్చారు. ఎవరూ వెనక్కి తగ్గలేదు. జూన్ 22 రాత్రి జ్యూరీ నలభై ఎనిమిది అభియోగాల్లో నలభై ఐదింటిలో శాండస్కీ దోషి అని తేల్చింది. పది మంది పిల్లలు, పదిహేనేళ్ళ కాలం. అక్టోబరు 9న న్యాయమూర్తి జాన్ క్లీలాండ్ 30 నుంచి 60 ఏళ్ళ శిక్ష వేశాడు. శాండస్కీ ఈనాటికీ తాను నిర్దోషినంటాడు. అప్పీళ్ళు తీర్పును మార్చలేదు.

మిగిలినవాళ్ళ సంగతి. పాటెర్నో 2012 జనవరి 22న క్యాన్సర్‌తో కన్నుమూశాడు. ఆ జూలైలో, మైదానం బయట నిలబెట్టిన అతని కంచు విగ్రహాన్ని తొలగించారు. ఎఫ్‌బీఐ మాజీ డైరెక్టర్ లూయిస్ ఫ్రీ నివేదిక విశ్వవిద్యాలయం పెద్దల మౌనాన్ని తూర్పారబట్టింది. పాటెర్నో కుటుంబం ఆ నివేదికను ఒప్పుకోలేదు. విశ్వవిద్యాలయానికి ఆరు కోట్ల డాలర్ల జరిమానా పడింది, బాధితులకు పది కోట్ల డాలర్లకు పైగా పరిహారం చెల్లించింది. 2017లో కర్లీ, షుల్ట్జ్ పిల్లల్ని ప్రమాదంలోకి నెట్టిన నేరాన్ని ఒప్పుకున్నారు. అదే నేరానికి స్పానియర్‌ను జ్యూరీ దోషిగా తేల్చింది, అప్పీళ్ళన్నీ ముగిశాక 2021లో అతను జైలుకు వెళ్ళాడు. జట్టు మళ్ళీ ఆడుతోంది. మైదానం మళ్ళీ నిండుతోంది.

ఇంత మంది మంచివాళ్ళ మధ్య ఇదెలా జరిగింది? నాకు తోచిన జవాబు ఒక్కటే. పిల్లల రక్షణను వాళ్ళు మంచితనానికి వదిలేశారు. రక్షణ అనేది ఒక పని. దానికి నియమం కావాలి, ఆ నియమం స్థాపకుడికి కూడా వర్తించాలి, నిజానికి ముందుగా అతనికే వర్తించాలి. పెద్దవాడెవడూ పిల్లవాడితో నలుగురి కంటికి కనబడని చోట ఒంటరిగా ఉండకూడదు. శిబిరంలో పరిచయమైన పిల్లవాణ్ణి సొంత ఇంట్లో పడుకోబెట్టకూడదు. రహస్యంగా కానుకలివ్వకూడదు. అనుమానం వస్తే మాట పైకి కాదు, బయటికి పోవాలి. పైవాడికి సంస్థ పరువు గుర్తొస్తుంది. బయటి పోలీసుకు, సంక్షేమ అధికారికి ఆ బరువుండదు. పోలీసు రికార్డు శుభ్రంగా ఉందని చూసి ఊరుకోవడమూ చాలదు. 2011 దాకా శాండస్కీ రికార్డు శుభ్రంగానే ఉంది. 

పెన్సిల్వేనియా ఈ పాఠాన్ని చట్టంలోకి ఎక్కించింది. అంతకుముందు సంస్థలో ఉద్యోగి తన పైవాడికి చెబితే చాలు. 2014లో వచ్చిన మార్పులతో చూసినవాడే, అనుమానించినవాడే నేరుగా రాష్ట్రానికి ఫిర్యాదు చేయాలి. పిల్లలతో పనిచేసే స్వచ్ఛంద సేవకులకూ నేరచరిత్ర తనిఖీ తప్పనిసరయింది. ఆ రాష్ట్రంలో వారాంతాల్లో పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించే మనవాళ్ళకూ ఇది వర్తిస్తుంది. ఎవరైనా దాన్ని అవమానంగా భావిస్తే, ఆ తనిఖీ వెనక ఎందరు పిల్లల కన్నీళ్ళున్నాయో తెలుసుకోవాలి.

మన దేశంలోనూ శాండస్కీకి శిక్ష పడిన ఏడాదే, 2012 నవంబరు 14న, పోక్సో చట్టం అమల్లోకి వచ్చింది. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవారెవరైనా పోలీసులకు చెప్పి తీరాలని దాని పంతొమ్మిదో సెక్షన్ అంటుంది. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. తన కింది ఉద్యోగి చేసిన నేరాన్ని సంస్థ అధిపతి దాచితే ఏడాది దాకా. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయడానికి డబ్బు కూడా అక్కర్లేదు. చట్టం మన చేతిలో ఉంది. అయినా తెలుగునాట హాస్టళ్ళలో, ఆశ్రమాల్లో, ట్రస్టు బడుల్లో, వేసవి శిబిరాల్లో ఎక్కడైనా గుసగుస వినబడితే ముందు వచ్చే మాట ఏమిటో మనందరికీ తెలుసు. ఆయన దేవుడిలాంటి మనిషండీ. పరువు పోతుంది. లోపల్లోపల సర్దుకుందాం. పిల్ల భవిష్యత్తు పాడవుతుంది. ఈ మాటలే ఇంగ్లీషులో స్టేట్ కాలేజ్ ఊళ్ళో వినబడ్డాయి.

పిల్లల కోసం సంస్థ నడిపేవారికి, దానికి డబ్బిచ్చేవారికి, బోర్డులో పేరిచ్చేవారికి ఈ గాథ చెప్పేది ఒక్కటే. ఆరోపణ చెవిన పడ్డ రోజున మన మనిషి ఎంత మంచివాడో ఆలోచించడం తర్వాతి పని, ఆ సంగతి తేల్చడానికి పోలీసులున్నారు, కోర్టులున్నాయి. ఆ బిడ్డ ఎవరో, ఈ రాత్రి ఎక్కడ పడుకుంటాడో, ఎవరి దగ్గర ఉన్నాడో తెలుసుకోవడం మొదటి పని. ఆ ప్రశ్న అడిగే ధైర్యం ఇద్దరు తల్లులకే ఉండి, పెద్దలకు లేకపోవడం వల్ల ది సెకండ్ మైల్ కూలిపోయింది. కూలవలసిందే. బిడ్డను బలిపెట్టి నిలబెట్టుకోవలసినంత గొప్ప సంస్థ ఈ భూమ్మీద లేదు.